స్లాషర్ మొద్దుకి తగిలితే ఏది విరగాలి, ఏది మిగలాలి

గోదావరి డెల్టాలో స్లాషర్ (ట్రాక్టర్ వెనక తగిలించే గడ్డి కోత యంత్రం) నడిపేవాళ్లలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది. మనది ఒండ్రు నేల, ఇందులో రాయెక్కడిది అని. నేల తనంతట తాను రాళ్లు పుట్టించదు, నిజమే. మనుషులు తెచ్చి పడేసినవే బోలెడు. కోనసీమ తోటల్లో జానెడు ఎత్తున కోసి వదిలేసిన పాత కొబ్బరి మొద్దులు, తాటి మొద్దులు, హద్దురాళ్లు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల చెరువుల గట్ల మీద తోలిన గ్రావెల్, పగిలిన సిమెంటు తూములు, ఏరేటర్ల తాళ్లు కట్టడానికి పాతి మరిచిపోయిన ఇనుప కడ్డీలు. లంకల్లో వరద తీశాక రెల్లు మధ్య మిగిలిపోయిన దుంగలు. తుంగ, వయ్యారిభామ మోకాలు దాటి పెరిగాక వీటిలో ఒక్కటీ సీటు మీంచి కనబడదు.

తగిలాక షాపు దగ్గర నడిచే మాట దాదాపు ఒకటే. "బోల్టు ఊరికే విరిగిపోతందండీ, గట్టిది ఏదన్నా ఉంటే ఇవ్వండి." "ఆయ్, ఎనిమిది పాయింట్ ఎనిమిది ఉందండి." దెబ్బ తగిలితే ముందు తెగడానికే పెట్టిన పది రూపాయల షియర్ బోల్టు గురించి జరిగిన ఈ బేరం తర్వాతి దెబ్బకి గేర్ బాక్సు దాకా వెళ్తుంది. ఎందుకు వెళ్తుందో తెలియాలంటే తాకిడి ఎటు నుంచి పుట్టి ఎటు పోతుందో ముందు చూడాలి.

రెండు వైపుల నుంచి

5 అడుగుల స్లాషర్ ఒకటి తీసుకుందాం. ట్రాక్టర్ వెనక యంత్రాలని తిప్పే షాఫ్టు, పీటీవో, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. గేర్ బాక్సు దాన్ని 1.47 రెట్లు పెంచితే కింద బ్లేడ్లు మోసే పళ్లెం 794 చుట్లు తిరుగుతుంది. బ్లేడు కొస వేగం సెకనుకి సుమారు 63 మీటర్లు, అంటే గంటకి 225 కిలోమీటర్ల పైనే. పళ్లెం 30 కిలోలు, బ్లేడ్లు రెండూ ఆరేసి కిలోలు అనుకుని లెక్కేస్తే, తిరిగే భాగంలో దాగిన శక్తి దాదాపు 19,000 జౌళ్లు. టన్ను బరువుని గుమ్మం ఎత్తుకి లేపడానికి పట్టే శక్తి అది. పళ్లెం మొద్దులో ఇరుక్కుంటే ఇదంతా సెకనులో యాభయ్యో వంతులో ఎక్కడో ఒకచోట ఖర్చయిపోవాలి.

ఇది కింది వైపు సంగతి. పై వైపు ఇంజనుతో కలిసి తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, ఉంది. ఇంజను 1,800 చుట్ల దగ్గర పీటీవో 540 ఇచ్చే ట్రాక్టర్లో ఈ రెండు వేగాల నిష్పత్తి 3.33. జడత్వానికి ఆ నిష్పత్తి వర్గం వర్తిస్తుంది. అందుకని పీటీవో షాఫ్టు వైపు నుంచి చూస్తే ఫ్లైవీల్ తన అసలు జడత్వానికి 11 రెట్లతో నెడుతున్నట్టు లెక్క. కింద పళ్లెం ఆగిపోయినా పైన ఫ్లైవీల్ ఆగదు. మధ్యలో ఉన్న క్రాసులు (షాఫ్టు కోణంలో వంగి తిరిగేలా చేసే కీళ్లు), షాఫ్టు గొట్టాలు, గేరు పళ్లు ఈ రెండిటి నడుమ మెలిపడతాయి. పీటీవో దగ్గర 35 హార్స్ పవర్ ఇచ్చే ట్రాక్టర్ మామూలు పనిలో తిప్పే బలం 460 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉంటుంది. పళ్లెం హఠాత్తుగా ఆగిన క్షణంలో అది అనేక రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. ట్రాక్టర్ వైపు నుంచి వచ్చేది మెలిక. నేల వైపు నుంచి వచ్చేది పక్కదెబ్బ: బ్లేడుకి తగిలిన తాకిడి గేర్ బాక్సు నుంచి కిందికి దిగే నిలువు షాఫ్టుని వంచడానికి చూస్తుంది. షియర్ బోల్టుకి గానీ, భారం మితిమీరితే జారే స్లిప్ క్లచ్‌కి గానీ మెలిక ఒక్కటే తెలుస్తుంది, పక్కదెబ్బ వాటి దాకా రానే రాదు. షియర్ బోల్టు నిక్షేపంగా ఉండగానే నిలువు షాఫ్టు వంగి, సీలు కారి, బేరింగు గోలపెట్టే స్లాషర్లు ఉండేది ఇందుకే. ఏ ఒక్క భాగం కొన్నా రెండు పనులూ చెయ్యదు. "స్లిప్ క్లచ్ షాఫ్టు వేయించాం కదా, ఇంక భయం లేదు" అనుకోవడం సగం నిజం.

పక్కదెబ్బని కాచేది బ్లేడే

స్లాషర్ బ్లేడుని పళ్లేనికి బిగదీసి పెట్టరు. ఒక లావు బోల్టు మీద అటూ ఇటూ ఊగేలా వదులుతారు. తిరుగుతున్నప్పుడు విసురుకి బయటికి చాచుకుని ఉంటుంది. మొద్దు తాకగానే వెనక్కి మడుచుకుని, దాటాక మళ్లీ చాచుకుంటుంది. అలా మడుచుకున్నప్పుడు దెబ్బలో ఎక్కువ భాగం ఆరు కిలోల బ్లేడుతోనే తీరిపోతుంది, పళ్లెం తిరుగుతూనే ఉంటుంది.

అదే బ్లేడు వానాకాలమంతా షెడ్డులో నిలబడి, గడ్డి రసం, బురద, తుప్పు కలిసి బోల్టు దగ్గర పట్టేసిందనుకోండి. ఊగని బ్లేడు ఉన్న స్లాషర్‌కి పక్కదెబ్బ నుంచి రక్షణ లేనట్టే. చూడటం తేలిక. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, స్లాషర్‌ని చెక్క దిమ్మల మీద నిలబెట్టి (హైడ్రాలిక్ మీద వదిలేసి కిందికి దూరకూడదు) బ్లేడుని చేత్తో తొయ్యండి. ఆటంకం లేకుండా ఊగాలి. నట్టు పూర్తిగా బిగిశాక కూడా ఊగాలి. బిగించగానే బ్లేడు పట్టేస్తుంటే లోపలి బుష్ (బోల్టు చుట్టూ ఉండే చిన్న గొట్టం) అరిగి పొట్టిదైందని అర్థం. నట్టుని వదులు చేసి సర్దుకోవడం మందు కాదు, నడుస్తూండగా బ్లేడు ఊడి ఎగిరిపోతుంది. బుష్ మార్చాలి.

బ్లేడ్లని జతగా మార్చాలి, సాన పట్టాక రెండిటినీ కాటాలో తూచాలి. 50 గ్రాముల తేడా పెద్ద లెక్కా అనిపించవచ్చు. పైన చెప్పిన వేగంలో, కేంద్రం నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఆ 50 గ్రాములు 21 కిలోల బలంతో నిలువు షాఫ్టుని లాగుతాయి, అదీ నిమిషానికి 794 సార్లు దిక్కు మార్చుకుంటూ. మొద్దు తగలకపోయినా బేరింగు పోవడానికి అంత చాలు. పదును కత్తిలా ఉండనక్కర్లేదు. అంచు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం మిగిలేలా సాన పడితే గడ్డి తెగుతుంది, కొబ్బరి మట్ట మొదలు తగిలినా పెచ్చు ఊడదు.

పళ్లెం కింది వైపు గిన్నెలా గుండ్రంగా ఉండే రకమైతే మొద్దు మీద జారి పైకెక్కి దాటిపోతుంది. బ్లేడ్లని పట్టీకి బిగించి, కింద గిన్నె లేకుండా వచ్చే చౌక రకాలు చెరువు గట్టు మీద మెత్తటి గడ్డికి సరిపోతాయేమో గానీ మొద్దులున్న కొబ్బరి తోటకి పనికిరావు.

ఇంకొకటి. కొన్ని ట్రాక్టర్లలో పీటీవోకి 1,000 చుట్ల గేరు కూడా ఉంటుంది. 540కి చేసిన స్లాషర్‌ని పొరపాటున అందులో తిప్పితే దాగిన శక్తి 3.4 రెట్లవుతుంది. అప్పుడు ఈ వ్యాసంలో చెప్పినవేవీ కాపాడవు.

షియర్ బోల్టు లెక్క

షియర్ బోల్టు విరగడం లోపం కాదు, దాని ఉద్యోగమే అది. మిగతా సంగతి అంకెల్లో ఉంది. బోల్టు తల మీద 4.6, 8.8, 10.9 అని గుర్తులుంటాయి. చుక్కకి ముందున్న అంకెని వందతో గుణిస్తే ఆ ఉక్కు తెగే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది: 400, 800, 1,000. అడ్డంగా కోతకి తట్టుకునేది అందులో సుమారు 60 శాతం.

షాఫ్టు నడుమ నుంచి 40 మిల్లీమీటర్ల దూరంలో ఒకే ఒక్క ఎం10 (10 మిల్లీమీటర్ల లావు) బోల్టు ఉందనుకుందాం. 4.6 రకం అయితే 750 న్యూటన్ మీటర్ల దగ్గర తెగుతుంది. మన 460కి అది 1.6 రెట్లు. గుబురు గడ్డి వచ్చినప్పటి భారానికి తట్టుకుంటుంది, మొద్దుకి తెగుతుంది. అదే చోట 8.8 పెడితే 1,500 దాకా తెగదు. ఆ 1,500 లోపు క్రాసు కప్పులు గానీ వాటిని పట్టుకునే షాఫ్టు చెవులు గానీ గేరు పళ్లు గానీ, ఏది బలహీనంగా ఉంటే అది విరుగుతుంది. అలాగని 8.8 ఎప్పుడూ తప్పని కాదు. కంపెనీ సన్నటి బోల్టుకి 8.8 చెప్పి ఉండొచ్చు. లావు, గ్రేడు, నడుమ నుంచి దూరం, మూడూ కలిపి వేసిన లెక్క అది. మాన్యువల్లో ఉన్నది మార్చకుండా వెయ్యాలి.

మరలున్న చోటి సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ బోల్టు కలిపి పట్టుకునే రెండు ఇనుప బిళ్లలు, అంటే ఫ్లాంజీలు, కలిసే గీత దగ్గర బోల్టు నున్నటి కాడ ఉండాలి. తల దాకా మరలున్న బోల్టు వేస్తే కోత మర అడుగున పడుతుంది. అక్కడ ఉక్కు తక్కువ, అదే ఎం10 బోల్టు 750కి బదులు 560 లోపే తెగిపోతుంది. "ఊరికే విరిగిపోతంద"నే ఫిర్యాదుల్లో ఇదో కారణం. ఇలాంటప్పుడు గ్రేడు పెంచడం కాదు, సరైన పొడవు కాడ ఉన్న బోల్టు వెతకాలి.

బోల్టు అరిగిన రంధ్రంలో ఉన్నా ఊరికే విరుగుతుంది. నట్టు వదులుగా ఉంటే బోల్టు కొట్టుకుని కొట్టుకుని రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఆపైన ప్రతి కుదుపూ చిన్న సుత్తి దెబ్బే. రంధ్రాన్ని వెల్డింగుతో నింపి మళ్లీ గుండ్రంగా తొలిపించడమో, ఫ్లాంజీ మార్చడమో చెయ్యాలి. ఇంజను ఎక్కువ స్పీడులో ఉండగా పీటీవో క్లచ్ తటాలున వదిలినా అంతే. 

తెగిన బోల్టు ముక్కలు పంచ్‌తో కొట్టి తీశాక ఫ్లాంజీని చేత్తో తిప్పి చూడండి. బోల్టు లేనప్పుడు అది స్వేచ్ఛగా తిరగాలి. అక్కడి గ్రీజు నిపుల్‌కి నెలల తరబడి గ్రీజు పెట్టకపోతే తుప్పు పట్టి రెండు ఫ్లాంజీలూ ఒకటైపోతాయి. అప్పుడు బోల్టు తెగినా మెలిక ఆగదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. అసలు బోల్టు తీసేసి వెల్డింగు పెట్టినవీ కనబడతాయి. వాటి గురించి చెప్పేదేముంది.

స్లిప్ క్లచ్: జారడం మరిచిపోయే భాగం

మొద్దులు ఎక్కువున్న తోటలో పదే పదే దిగి బోల్టు మార్చడం విసుగు. అందుకు స్లిప్ క్లచ్ మేలు. ఘర్షణ డిస్కులని స్ప్రింగులు నొక్కి పట్టుకుంటాయి, మెలిక హద్దు దాటితే డిస్కులు జారి, భారం తగ్గగానే మళ్లీ పట్టుకుంటాయి. ఖరీదు ఎక్కువ. అదైనా ఫరవాలేదు గానీ, దీనికి ఒక దొంగ జబ్బు ఉంది. నాలుగు నెలలు వాడకుండా తేమలో ఉంచితే డిస్కు, ఇనుప పలక కలిసి అతుక్కుపోతాయి. బయటికి ఏ తేడా కనబడదు. కొత్త క్లచ్‌లాగే ఉంటుంది, జారదంతే. సంక్రాంతి తర్వాత షెడ్డులోంచి తీసి నేరుగా తోటలోకి వెళ్తే మొదటి మొద్దు దగ్గరే తెలుస్తుంది.

ప్రతి సీజను మొదట్లో జారుడు పరీక్ష చెయ్యాలి. ముందుగా ప్రతి స్ప్రింగు నొక్కుకున్న పొడవుని వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. డిస్కుల బయటి అంచుల మీద అడ్డంగా ఒకే సుద్దగీత గియ్యండి, అన్ని పలకలనీ దాటేలా. నట్లన్నిటినీ సమానంగా రెండేసి చుట్లు వదులు చెయ్యండి. ట్రాక్టర్ ఎక్కి, మనుషులని దూరం పంపి, పీటీవోని రెండు మూడు సెకన్లు మాత్రమే కలిపి ఆపండి. ఇంజను ఆపి, బ్లేడ్లు పూర్తిగా నిలిచాక గీత చూడండి. ముక్కలు ముక్కలుగా పక్కకి జరిగిందా, డిస్కులన్నీ జారినట్టు. ఎక్కడైనా రెండు పలకల మధ్య గీత చెదరకుండా ఉంటే ఆ జత అతుక్కుంది. క్లచ్ విప్పి తుప్పు గీకి, పలకలు ఎమరీ కాగితంతో రుద్ది, లైనింగు అరిగిపోతే మార్చి బిగించాలి. పని అయ్యాక నట్లని మళ్లీ అవే రెండు చుట్లు బిగించి, రాసుకున్న పొడవుతో సరిచూడాలి.

క్లచ్ తరచూ జారుతోందని నట్లు ఇంకా ఇంకా బిగించేవాళ్లున్నారు. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనేదాకా బిగిస్తే ఆ క్లచ్ ఇక జారదు, గట్టి కప్లింగుతో సమానం. జారుతుంటే అసలు కారణం లైనింగు అరగడమో, డిస్కుల మీద గ్రీజు పడటమో అయ్యుంటుంది. పక్కనే క్రాసుకి గ్రీజు కొట్టేటప్పుడు పొంగినది తుడవకపోతే డిస్కుల్లోకే పోతుంది. ఇంకో మాట: క్లచ్ పొగ వచ్చేదాకా జారనివ్వకూడదు. మొద్దు తగిలి పళ్లెం ఆగితే రెండు మూడు సెకన్లలో పీటీవో విడదియ్యాలి.

షియర్ బోల్టైనా స్లిప్ క్లచ్చైనా షాఫ్టుకి స్లాషర్ వైపు కొసనే ఉండాలి. రోటావేటర్ షాఫ్టుని తెచ్చి స్లాషర్‌కి తగిలించేవాళ్లు దాని హద్దు రోటావేటర్ భారానికి లెక్కేసిందని గుర్తుంచుకోవాలి. స్లాషర్‌కి అది ఎక్కువ కావచ్చు.

గట్టు మీద వన్ వే క్లచ్

సింగిల్ క్లచ్ ట్రాక్టర్లో పెడల్ తొక్కితే ఇంజను మాత్రమే విడిపోతుంది. పీటీవో, చక్రాల గేర్ బాక్సు కలిసే ఉంటాయి. అప్పుడు తిరుగుతున్న బ్లేడ్లే వెనక నుంచి ట్రాక్టర్‌ని ముందుకి తోస్తాయి. పొలంలో రెండు మీటర్లు ముందుకి పోతే పోయిందేమీ లేదు, చెరువు గట్టు మలుపులో అయితే నీళ్లలోకే. మెలికని ఒకవైపే పంపే వన్ వే క్లచ్ ఉంటే బ్లేడ్లు తమ మానాన తిరుగుతాయి, చక్రాలని నెట్టవు, బ్రేకు వేసినప్పుడు గేరు పళ్ల మీద ఎదురు మెలికా పడదు. దీంతో బ్లేడ్లు ఆగడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, పీటీవో తీసేశామని వెంటనే దిగి దగ్గరికి వెళ్లకూడదు.

షాఫ్టు పొడవు, కోణం

మొద్దు తగలకుండానే లోపలి దెబ్బ తినిపించేది పొడవు ఎక్కువైన షాఫ్టు. హైడ్రాలిక్‌తో స్లాషర్‌ని లేపేటప్పుడు షాఫ్టు పొడవు మారుతుంది. అత్యంత పొట్టిగా ఉండే స్థితిలో గొట్టాలు అడుగంటితే ఆ నెట్టుడు నేరుగా గేర్ బాక్సు ముందు బేరింగు మీదా, ట్రాక్టర్ పీటీవో బేరింగు మీదా పడుతుంది. ఆ స్థితిలో కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. పనిచేసే స్థితిలో ఒక గొట్టంలో ఇంకోటి కనీసం మూడో వంతు ఉండాలి. కొయ్యాల్సి వస్తే రెండు సగాలనీ విడివిడిగా తగిలించి, పక్కపక్కన పెట్టి గుర్తు పెట్టుకుని, లోపలి గొట్టం, బయటి గొట్టం, ప్లాస్టిక్ కవర్లు అన్నీ ఒకే కొలత కొయ్యాలి. అంచులు ఆకురాయితో నున్నగా చేసి గ్రీజు పూసి కలపాలి. కలిపేటప్పుడు లోపలి రెండు చెవులూ ఒకే వరసలో ఉండాలి. ఒక పల్లు తప్పినా షాఫ్టు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతూ క్రాసులని తినేస్తుంది.

కోణం 15 డిగ్రీల లోపు ఉంటే క్రాసులు బతుకుతాయి. మలుపు దగ్గర పీటీవో తిరుగుతుండగానే స్లాషర్‌ని పైదాకా ఎత్తే అలవాటు మానాలి. క్రాసులకి 8 గంటల పనికోసారి గ్రీజు.

గేర్ బాక్సు సీలు

డెల్టాలో గేర్ బాక్సులు పోవడానికి మొద్దుల తర్వాత పెద్ద కారణం నైలాను. చెరువు గట్ల మీద పాత వల ముక్కలు, అరటి తోటల్లో చెట్లకి కట్టి వదిలేసిన ప్లాస్టిక్ తాళ్లు నిలువు షాఫ్టుకి చుట్టుకుని, వేడికి కరిగి, సీలు పెదవి కింద దూరతాయి. నూనె కారుతుంది, గడ్డి దాన్ని పీల్చేస్తుంది కాబట్టి మరక కూడా కనబడదు. వారానికోసారి పళ్లెం పైభాగాన చుట్టుకున్నది కోసి తియ్యాలి. నూనె మట్టం ప్లగ్గు విప్పి చూడాలి. మామూలుగా వాడేది 90 గ్రేడు గేరు నూనె. అది పాలలా తెల్లబారితే నీళ్లు చేరాయి, వెంటనే మార్చెయ్యాలి.

తోటలోకి దిగేముందు

కొబ్బరి వరసల మధ్య దూరం 25 అడుగుల దగ్గర ఉంటుంది, స్లాషర్ వెడల్పు 5 అడుగులు. మొద్దుని తప్పించడానికి చోటుకి కొదవ లేదు, అదెక్కడుందో తెలియాలంతే. గడ్డి పెరగకముందే మొద్దుల పక్కన పొడవాటి వెదురు కర్రలు పాతి కొసకి తెల్ల గుడ్డ కట్టడం చాలు. తెలియని తోటలో మొదటి కోత 15 సెంటీమీటర్ల ఎత్తులో నెమ్మదిగా వేసి, నేల కనబడ్డాక రెండోది దించాలి. పీటీవోని ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడే కలిపి, ఆ తర్వాత 540కి తేవాలి. స్లాషర్ వెనకా ముందూ రాళ్లని ఆపే గొలుసులు ఊడి ఉంటే మొదట వాటిని వేయించండి. బ్లేడు విసిరిన గ్రావెల్ రాయికి రోడ్డు మీద వెళ్లేవాళ్లు అడ్డం రావచ్చు. మనుషులు ఉండాల్సిన దూరంగా మాన్యువళ్లు చెప్పేది 300 అడుగులు.

ఇంత చేసినా తగులుతుంది. తగిలాక బోల్టు మార్చి వెళ్లిపోకుండా పావుగంట ఆగండి. స్లాషర్‌ని దిమ్మల మీద పెట్టి, పళ్లెం అంచు పక్కన ఇటుక మీద ఒక పుల్ల ఆనించి, పళ్లేన్ని చేత్తో చుట్టూ తిప్పండి. పుల్లకీ అంచుకీ మధ్య సందు చుట్టంతా ఒకేలా ఉండాలి. ఒకవైపు రాసుకుని ఇంకోవైపు వేలు దూరుతుంటే పళ్లెమో నిలువు షాఫ్టో వంగింది. గేర్ బాక్సు ముందు వైపు షాఫ్టుని కొద్దిగా అటూ ఇటూ కదిపితే ఇంతకుముందు కంటే ఖాళీ ఎక్కువ అనిపిస్తే గేరు పళ్లో, షాఫ్టుకి గేరుని పట్టి ఉంచే కీ కూర్చునే గాడి (కీవే) నో దెబ్బతిన్నట్టు. క్రాసు కప్పుల దగ్గర ఎర్రటి తుప్పు పొడి ఉంటే లోపల సూదులు పొడిబారి అరుగుతున్నాయి. చివరగా గేరు నూనె నాలుగు చుక్కలు తెల్లగుడ్డ మీద వెయ్యండి. మెరిసే సన్నపొడి మామూలే. గోటికి తగిలే పెచ్చు వస్తే మాత్రం గేర్ బాక్సు విప్పకుండా స్లాషర్‌ని మళ్లీ తిప్పకండి. విరిగిన పల్లు ముక్క గేర్ల మధ్యకి వెళ్తే పోయేది ఒక గేరు కాదు, పూర్తి జత.